వాన జాలీలో క్రాన్‌బెర్రీ పళ్ళు

ఎల్వీ హాపలాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. మూత కనిపిస్తే ఎత్తి చూడాలి. గిన్నె మీది మూతే కానక్కర్లేదు. గడియారం వెనక మూత, కారు ముందు మూత, పక్కింటివాళ్ళ తేనెపెట్టె మూత, ఏదైనా సరే. తేనెపెట్టె మూత ఎత్తినందుకు ఆమె కుడి కనురెప్ప మీద ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది. ఎవరైనా అడిగితే ఆ మచ్చ చూపించి, "అయితేనేం, లోపల రాణీ ఈగని చూశాను కదా" అంటుంది, అదేదో లాభసాటి బేరమైనట్టు.

అలాంటి మనిషి, ఏ జన్మలో ఏం చేసుకుందో గాని, నోరు విప్పని వంశంలో పుట్టింది. మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, ఆల్డర్ సరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్ళో సగం మంది ఒకప్పుడు ఫిన్లండ్ నుంచి గనుల పనికి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు. వాళ్ళకు మాటంటే ఖర్చు. చావు కబురైనా పెళ్ళి కబురైనా ముందు కాఫీ పోస్తారు, తాగుతారు, కిటికీలోంచి బయటికి చూస్తారు, అప్పుడు చెబుతారు. ఒక్కోసారి అప్పుడు కూడా చెప్పరు. ఎల్వీ అక్క ఇర్యా ఆ విషయంలో అందరినీ తలదన్నింది. కాలు విరిగితే మూడోనాడు చెప్పిన మనిషి ఆవిడ. అదైనా ఎల్వీ అడగబట్టి.

ఎల్వీ ఊరి బడిలో వంట చేసి రిటైరైంది. భర్త ఆర్విడ్ కలప మిల్లులో పనిచేసి, రిటైరయ్యాక ఎన్నాళ్ళో ఉండకుండానే పోయాడు. ఆయన పోయాక ఆమెకు మిగిలినవి గుట్టమీద ఇల్లు, ఇంటిముందు ఆయన నాటిన మూడు మేపుల్ చెట్లు, శనివారం సాయంత్రాలు.

ముందు చెట్ల సంగతి. అక్టోబరు వస్తే ఆ మూడూ నారింజ రంగుకు తిరిగి, ఎర్రబడి, ఒక్క పెట్టున రాలిపోతాయి. ఆకు రాలిందంటే ఎల్వీకి కాలు నిలవదు. దువ్వెనలా పళ్ళున్న పొడవాటి కర్ర తీసుకుని గడ్డి మీది ఆకులన్నీ వీధి అంచుకు లాగి, వాన నీళ్ళు పారే సిమెంటు బద్దీ వెంబడి గోడ కట్టినట్టు పేరుస్తుంది. ఆ వీధిలో అందరూ అంతే. వారానికోసారి పురపాలకం బండి వచ్చి, ఏనుగు తొండం లాంటి గొట్టంతో పీల్చుకుపోతుంది. అయితే ఎల్వీది ఇంకో కిటుకు. వాన వచ్చే ముందురోజే ఆకులు వీధిలోకి లాగెయ్యాలి. తడిస్తే అణిగి కూర్చుంటాయి, గాలికి లేచి మళ్ళీ గడ్డి మీదికి రావు. ఆ కిటుకు కనిపెట్టింది తనే. చూసి చూసి వీధంతా నేర్చుకుంది. అందుకు ఆమెకు లోలోపల బోలెడు గర్వం.

ఇక శనివారాలు. గుట్ట కింద సరస్సు ఒడ్డున ఇర్యా ఇల్లు. ఇంటి వెనక, నీళ్ళకు నాలుగడుగుల దూరంలో, వాళ్ళ నాన్న దుంగలు పేర్చి కట్టిన ఆవిరిస్నానపు గది, సౌనా. నల్లటి ఇనప పొయ్యి, దాని మీద రాళ్ళు. రాళ్ళు కాలాక నీళ్ళు చిలకరిస్తే బుస్సుమని ఆవిరి లేస్తుంది. ఒళ్ళు ఎర్రగా కాలేదాకా ఆ ఆవిరిలో కూర్చుని, చెక్కల వంతెన మీదుగా పరుగెత్తి సరస్సులో మునగాలి. అక్కచెల్లెళ్ళకు నడక రాకముందునుంచీ అదే అలవాటు. పెళ్ళిళ్ళయ్యాయి, భర్తలు పోయారు, మోకాళ్ళు పోయాయి, శనివారం మాత్రం పోలేదు.

పోయే రోజు వచ్చింది. కొన్నేళ్ళుగా ఆగస్టు నెలలో ఇర్యా ఇంటివైపు నీళ్ళ మీద పచ్చటి తెట్టు కడుతోంది. ముందు పలచగా ఉండేది. తర్వాత్తర్వాత పచ్చ రంగు డబ్బా ఎవరో ఒలకబోసినట్టు చిక్కబడింది. కిందటేడు మునిగినందుకు ఇర్యా ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఈ వేసవంతా ఇద్దరూ కుళాయి నీళ్ళు బకెట్టుతో ఒంటిమీద పోసుకున్నారు. సరస్సు ఎదురుగా ఉండగా బకెట్టేమిటని ఎల్వీ గొణిగింది. ఇర్యా బకెట్టు నింపి ఇచ్చింది.

అక్టోబరు మొదటి శనివారం, ఆవిరి అయ్యాక, తడి జుట్టుకు తువాళ్ళు చుట్టుకుని వంటింట్లో కూర్చున్నారు. ఇర్యా కాఫీ పోసింది. ఎల్వీ తెచ్చిన ఏలకుల రొట్టె కోసింది. ఒక ముక్క తింది. కిటికీలోంచి సరస్సు చూసింది.

"పొయ్యి చర్చి శిబిరానికి ఇచ్చేస్తానన్నాను," అంది.

"ఏ పొయ్యి?"

"సౌనా పొయ్యి. నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తారంట."

ఎల్వీ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. "అదేంటక్కా? నాన్న కట్టింది కదా."

"మునగడానికి నీళ్ళు లేనప్పుడు ఆవిరెందుకు? పిల్లల శిబిరానికైతే పనికొస్తుంది."

"ఆ పచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోవాలి గాని, పొయ్యి పీకేస్తే ఎలాగే?"

"అవతలి ఒడ్డున పశువులున్నాయిగా. పేడ."

"పేడైతే అవతలి ఒడ్డు కదా పచ్చబడాలి? సరస్సంతా తేటగా ఉండి నీ మూల ఒక్కటే ఎందుకు పాడవుతోంది?"

ఇర్యా కప్పు ఆమె వైపు జరిపింది. "కాఫీ చల్లారిపోతోంది, తాగు," అంది.

ఎల్వీ గుట్ట ఎక్కి ఇంటికొచ్చిందేగాని ఆ ప్రశ్న వదల్లేదు. దుఃఖం కూడా ఉంది. ఆ సౌనా పోతే శనివారం అనేది ఒట్టి వారం పేరైపోతుంది. మొగుడు పోయినప్పుడు కూడా ఆ ఆవిరిలో కూర్చునే ఏడ్చింది, అక్కడైతే చెమటో కన్నీళ్ళో ఎవరికీ తెలియదని. ఆ గది ఖాళీగా, పొయ్యి లేకుండా ఉండడం ఊహించుకోలేకపోయింది. కానీ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మూత ఎక్కడుందో వెతకాలి.

మర్నాడు చర్చి నుంచి వచ్చేసరికి వాన పట్టుకుంది. ముందురోజు తను పేర్చిన ఆకుల గోడ చక్కగా అణిగి ఉంది. గొడుగు వేసుకుని ఇంట్లోకి పోబోతూ ఆగింది. ఆకుల కింది నుంచి నీళ్ళు వస్తున్నాయి. వానకు నీళ్ళు రాక పాలు వస్తాయా అంటారేమో. వచ్చినవి వాన నీళ్ళలా లేవు. చిక్కటి టీ డికాషన్‌లా ఉన్నాయి. ముప్పై నలభై ఏళ్ళుగా కళ్ళ ముందు పోతున్న నీళ్ళే. ఇవాళ మాత్రం బడి వంటగదిలో పెద్ద గంగాళంలో ఆకుకూర ఉడికించినప్పుడు దిగే నీళ్ళు గుర్తొచ్చాయి. కూరలో సారమంతా ఆ నీళ్ళలోకి దిగిపోతుందని, పారబొయ్యొద్దని, పిల్లల సూపులో కలపమని తనే కింది వంటవాళ్ళను కేకలేసేది.

ఆ డికాషన్ బద్దీ వెంబడి సాగి, మూలమీది ఇనప జాలీలోకి దూకుతోంది. ఎల్వీ వంగి జాలీలోకి చూసింది. చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

ఎదురింటి రేమండ్ బెలాంజర్ తన గ్యారేజీలో నిలబడి చూస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, ఆకుల్ని గాలితో తోసే యంత్రం ఒకటి కొన్నాడు, దాని చప్పుడుకు వీధిలో కుక్కలన్నీ మంచాల కింద దూరతాయి.

"ఏం పడేసుకున్నారు పిన్నిగారూ? తాళాలా, పళ్ళసెట్టా?"

"నా పళ్ళు గట్టిగానే ఉన్నాయిలే నాయనా. ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికేమిటి, హైవే దగ్గర మురుగు శుద్ధి చేస్తారు కదా, అక్కడికి."

"నువ్వు చూశావా?"

"చూడాలా? అందరికీ తెలిసిందేగా."

అందరికీ తెలిసిందే. ఎల్వీకీ నిన్నటిదాకా అలాగే తెలుసు. ఆ వీధిలో ఎవర్ని కదిపినా అదే మాట చెబుతారు, చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఇంట్లో స్నానాల నీళ్ళు పోయే గొట్టం వేరు, వీధిలో వాన నీళ్ళు పోయే గొట్టం వేరని ఆ గుట్టమీద ఎవరికీ తట్టలేదు.

జాలీలో ఏదైనా వేసి, అది ఎక్కడ తేలుతుందో చూడాలి. కాగితం నానిపోతుంది. ప్లాస్టిక్ వేస్తే అదో పాపం. తేలాలి, కనిపించాలి, చేపలు తిన్నా ఏమీ కాకూడదు. ఆలోచిస్తూ ఎల్వీ ఫ్రీజరు మూత ఎత్తింది. పండగ జాముకని దాచిన క్రాన్‌బెర్రీ పళ్ళు, సంచీ నిండా. వాక్కాయలంత పులుపు, నెత్తుటి చుక్కలంత ఎరుపు. లోపల గాలి ఉంటుంది కనుక మునగమన్నా మునగవు. సంచీ పట్టుకుని వానలోకి వచ్చి, గుప్పిళ్ళతో జాలీలో పోసింది. చివర్లో ఒక గుప్పెడు ఉంచుకుందామనుకుని, అంత పిసినారితనం దేనికని అవీ పోసేసింది.

"పిన్నిగారూ, ఆరోగ్యం బాగానే ఉందా?" అని రేమండ్ అరిచాడు.

"నాకేం, బ్రహ్మాండంగా ఉంది," అని ఎల్వీ కారెక్కింది.

హైవే వైపు వెళ్ళాలా, సరస్సు వైపు వెళ్ళాలా అని మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. చేతులు వాటంతటవే సరస్సు వైపు తిప్పాయి. ఇర్యా ఇంటి పక్కన పొదల్లో ఒక సిమెంటు తూము ఉంది. చిన్నప్పుడు అందులో దాక్కునేవారు. అది ఎక్కణ్ణుంచి వస్తుందో ఎల్వీ ఒకసారి నాన్నను అడిగింది. ఆయన "పైనుంచి" అన్నాడు. ఆ వంశంలో అది పెద్ద జవాబు.

తూములోంచి గోధుమరంగు నీళ్ళు దబదబా పడుతున్నాయి. ఎల్వీ గొడుగు పక్కన పెట్టి, బురదలో దిగి నిలబడింది. చాలాసేపు ఏమీ రాలేదు. పోనీలే, హైవేకే పోయాయేమోనని గుండె కాస్త తేలికపడబోతుండగా ఒక ఎర్ర పండు వచ్చింది. దాని వెనక ఇంకోటి. తర్వాత మందలు మందలుగా వచ్చి, నీళ్ళతోపాటు సౌనా ముందున్న చెక్క వంతెన దాకా కొట్టుకుపోయి, వంతెన కాళ్ళ చుట్టూ ఎర్రగా మూగాయి.

ముందు ఆమెకు కలిగింది సంతోషం. లెక్క తేలినప్పుడు పిల్లలకు కలిగే సంతోషం. ఆ తర్వాత తేలిన లెక్క ఏమిటో అర్థమైంది. వాన ముందురోజే ఆకులు వీధిలోకి లాగమని వీధంతటికీ నేర్పిన మహాతల్లి తనే. ఏటేటా ఆ ఆకుల్ని డికాషన్ కాచి, ఆ సారమంతా పచ్చటి తెట్టుకు ఎరువులా అక్క గుమ్మంలో పోసి, అక్కకు దద్దుర్లు తెప్పించింది తనే.

"ఏం వెతుకుతున్నావే?" ఇర్యా వరండాలో శాలువా కప్పుకుని నిలబడి ఉంది.

"నా పళ్ళు. మా వీధిలో వేశాను. ఇక్కడ తేలాయి."

ఇర్యా వచ్చి వంతెన మీద నుంచి వంగి ఒక పండు తీసి చూసింది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆవిడ ముఖంలో ఎప్పుడూ ఏదీ ఉండదు కనుక ఎల్వీ పట్టించుకోలేదు.

"జల్లెడ తెస్తానుండు," అని లోపలికి పోయింది.

ఆ వారమంతా ఎల్వీ చేసిన పని చూసి వీధి నవ్వుకుంది. అందరూ ఆకుల్ని కిందికి లాగుతుంటే ఈమె పైకి లాగుతోంది. వీధి అంచున తడిసి ముద్దైన గోడనంతా పరదా గుడ్డ మీదికి ఎత్తి, పెరట్లోకి ఈడ్చుకెళ్ళి, కొంత కూరగాయల మడుల మీద కప్పింది. కొంత గడ్డి కోసే యంత్రం కింద పొడి చేసి గడ్డిలోనే వదిలేసింది. మిగిలింది సంచుల్లో కుక్కి ఎరువు చేసే చోటుకు తీసుకెళ్ళింది. నడుము పట్టేసింది. అయినా రేమండ్ ఇంటిముందు బద్దీ కూడా ఊడ్వడం మొదలుపెట్టేసరికి అతను బయటికొచ్చాడు.

"మా ఆకులు మీకెందుకండీ?"

"సరస్సుకి నీ ఆకులూ నా ఆకులూ అని తెలియవు కదయ్యా."

"మీ జాలీ సరస్సులోకి పోతే పోవచ్చు. మా వైపు జాలీ వేరు. అది హైవేకే పోతుంది. పందెం."

"చూశావా?"

రేమండ్ తన పెరటి వైపు తిరిగి చూశాడు. అతని పెరట్లో పుల్ల ఆపిల్ చెట్టుంది, గోలీలంత కాయలు ఎవరూ తినక రాలిపోతుంటాయి. మళ్ళీ వాన పడిన రోజు బకెట్టు నిండా ఏరుకొచ్చి తన జాలీలో గుమ్మరించి, ఎల్వీ కంటే ముందే ట్రక్కేసుకుని కిందికి పోయాడు. ఇద్దరూ తూము దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. ఆపిల్ కాయలు ఢక్ ఢక్‌మని గొట్టంలో తలలు కొట్టుకుంటూ వచ్చిపడ్డాయి. రేమండ్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

"మా నాన్న కూడా హైవేకే అనేవాడండీ," అన్నాడు, పాపం.

మర్నాడు అతని యంత్రం చప్పుడు వినబడింది గాని, గాలి వీధి వైపు కాకుండా పెరటి వైపు కొడుతోంది. కుక్కలకు మాత్రం ఏమీ తేడా పడలేదు. ఆ పై వారం ఇంకో రెండిళ్ళవాళ్ళు వానొస్తే ఏమేం తేలుతాయో చూడాలని గుమ్మడి గింజలూ ఓక్ కాయలూ జాలీల్లో వేశారు. ఊళ్ళో మాటల పొదుపు ఎంతున్నా, చూడాలనే దురద ఒక్క ఎల్వీ సొత్తే కాదని తేలింది.

అక్కకు మాత్రం ఇంకా చెప్పలేదు. పళ్ళు తేలాయని చెప్పింది గాని, దద్దుర్లకు కారణం నేనే అని చెప్పలేదు. అందర్నీ అన్నీ అడిగే మనిషికి తనవైపునుంచి ఒక్క మాట చెప్పడం ఇంత కష్టమని అప్పుడే తెలిసింది. శిబిరం వాళ్ళు పొయ్యి కోసం వచ్చే ముందు ఆఖరి శనివారం వచ్చేసింది.

ఇద్దరూ పై మెట్టు మీద కూర్చున్నారు. ఇర్యా రాళ్ళ మీద నీళ్ళు చల్లింది. ఆవిరి కమ్ముకుంది. ఎదుటి మనిషి ముఖం కనిపించకపోవడం ఎల్వీకి ధైర్యం ఇచ్చింది.

"అక్కా, పశువులూ కాదు, పేడా కాదు. నేనే. నా ఆకులే. వాన ముందు రోడ్డు మీద వేసేదాన్ని. దాని సారమే నీ గుమ్మంలోకి వచ్చేది. ఇప్పుడు తీసేశాను. మా వీధిలో చాలామంది తీసేశారు. వచ్చే ఏడే తేటపడుతుందని చెప్పలేను, అడుగు బురదలో పేరుకున్నది ఎన్నేళ్ళకి పోతుందో. కానీ నీ ఒళ్ళు పాడుచేసింది నేనే. క్షమించవే."

రాళ్ళ మీద నీళ్ళు చిటపటలాడాయి.

"తెలుసు," అంది ఇర్యా.

"ఏం తెలుసు?"

"మీ ఆకులేనని. తూములోంచి మేపుల్ ఆకులు వస్తాయి. కింద ఇక్కడ ఒక్క మేపుల్ లేదు. పైన మీ వీధిలోనే ఉన్నాయి."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆర్విడ్ ఉన్నప్పట్నుంచి."

ఎల్వీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిరి కంటే వేడిగా కోపం వచ్చింది. "మరి చెప్పవేం? ఇన్నేళ్ళూ? దద్దుర్లు లేస్తే ఒళ్ళు గోక్కుంటూ కూర్చున్నావు గాని, ఒక్క మాట, ఒసే ఆ ఆకులు తియ్యవే అని ఒక్క మాట అనలేకపోయావా? పైగా పేడంటూ ఆ పశువుల్ని ఆడిపోసుకున్నావు."

"ఆర్విడ్ నాటిన చెట్లు. ఆయన పోయాక నువ్వు ఆ ఆకుల్ని ఎంత పొందిగ్గా పేర్చేదానివి. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ చూపించేదానివి." ఇర్యా ఆగింది. ఇంత పొడుగు మాట ఆవిడ ఎప్పుడు మాట్లాడిందో ఎల్వీకి గుర్తులేదు. "చెప్తే నువ్వు బాధపడి రావడం మానేస్తావనుకున్నాను. సౌనా లేకపోతే కాఫీకన్నా వస్తావు కదా."

ఎల్వీ ఏడ్చింది. ఈసారి చెమటలో కలిపేసే ప్రయత్నం చెయ్యలేదు. ముక్కు చీదుకుని, తువాలుతో ముఖం తుడుచుకుని, అక్క వైపు తిరిగింది.

"ఇంకేం దాచావు? ఇవాళే చెప్పెయ్యి. నాకు కోపం వస్తే వస్తుంది, పడతావు."

ఇర్యా తువాలు సర్దుకుంది.

"నీ రొట్టెలో ఏలకులు మరీ ఎక్కువ."

"సరే. ఇంకా?"

ఇర్యా గరిటె నీళ్ళలో ముంచింది గాని చల్లలేదు. అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఆ పొయ్యి ఇవ్వడం నాకిష్టం లేదు," అంది.

ఎల్వీ మెట్టు దిగి, తువాలు చుట్టుకుని, తలుపు తోసుకుని ఇంటి వైపు నడిచింది. ఇర్యా వెనకాలే వచ్చింది. వంటింటి గోడకున్న ఫోను తీసి ఎల్వీ చర్చి పాస్టరు ఇంటి నంబరు నొక్కింది. అవతల ఆయన పలికాడు. చెప్పడానికి ఎల్వీ నోరు తెరిచింది. ఎన్నేళ్ళుగానో అక్క తరఫున దుకాణంలో, ఆసుపత్రిలో, చర్చిలో మాట్లాడింది ఆమే. నోరు మూసుకుని ఫోను అక్క చేతిలో పెట్టింది.

ఇర్యా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది. జుట్టు నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి. హలో, హలో అని పాస్టరు పిలుస్తున్నాడు. ఎల్వీ పెదవులు బిగబట్టుకుని, కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది.

"ఇర్యానండీ," అంది ఆవిడ చివరికి. "పొయ్యి ఇవ్వనండీ. నాకు కావాలి."